తట్టకో చెయ్యి

చేపల తట్ట మోసి ఎరగనివాళ్లకి ముందుగా ఒక మాట చెప్పాలి. నిండు తట్టని ఏ ఆడదీ ఒంటరిగా నెత్తికెత్తుకోలేదు. ఎంత బలమున్న మనిషైనా మోకాళ్ల దాకా లేపుతుంది, రొమ్ముల దాకా లేపుతుంది, అక్కడ ఆగిపోతుంది. అక్కణ్నించి నెత్తి మీద గుడ్డ చుట్టకుదురు దాకా పోవాలంటే ఇంకొకరి చెయ్యి పడాల్సిందే. డొంకూరుకి దక్షిణంగా ఇసక దిబ్బల మీదున్న ఆ చిన్న పేటలో దీనికో పద్ధతుంది. తట్ట ఎవరిదో వాళ్లే నోరు తెరిచి పిలవాలి. "ఒక సెయ్యెయ్యే!" అనాలి. పిలవకుండా ఎవరైనా చెయ్యి వేస్తే ఆ పూట బేరం చెడుతుందని వాళ్ల నమ్మకం. అందుకని పక్కనే ఊరికే నిలబడి ఉన్నా ఎవరూ ముట్టుకోరు. అదే పిలిచాక మాత్రం, నిన్న జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్లయినా రావాల్సిందే. రాకపోతే మనిషి కింద లెక్క కాదు.

కన్నమ్మ ఆ పేటకి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఈ పిలుపు నేర్చుకుంది. నేర్పింది తోటికోడలు బొడ్డమ్మ, కన్నమ్మకి అక్క వరస, "అప్పా" అని పిలుపు. బొడ్డమ్మ పొట్టి మనిషి, నోరు మాత్రం పేటంత. కన్నమ్మ పొడుగు, మాట తక్కువ. సరిజోడు అంటే అదీ. పెళ్లయిన నాటినుంచి ఇద్దరూ జంటగానే తిరిగారు. తెల్లవారకుండా ఒడ్డుకి పోయి, తెప్పలు రాగానే కవళ్లో కానాగడతలో, ఆ పూట ఏ చేప పడితే అది తట్టలకెత్తుకుని, జీడితోటల్లోంచి, కొబ్బరితోటల కిందనుంచి కవిటి దాకా నడక. దారి పొడుగునా బొడ్డమ్మ మాట్లాడేది, కన్నమ్మ ఊఁ కొట్టేది.

"నువ్వు ఊఁ కొట్టకపోతే నాకు కాళ్లు నడవవే" అనేది బొడ్డమ్మ.

కన్నమ్మకి పిల్లల్లేరు. మొగుడు జోగులు మంచివాడు, సముద్రం మీద పాటలు పాడుకునే రకం. అలాంటివాడికి తొంభై ఎనిమిదిలో కాళ్లు వాచాయి. మొహం ఉబ్బింది. అన్నం చూస్తే వాంతి. ఉద్దానం తోటల ఊళ్లలో కిడ్నీ జబ్బు కొత్త కాదు గానీ, ఒడ్డున ఉన్న పేటకి రాదనుకున్నారు. వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్లారు, తీసుకొచ్చారు. ఎందుకొస్తుందో చదువుకున్నవాళ్లే చెప్పలేకపోతే పేటవాళ్లేం చెబుతారు పాపం! నీళ్లన్నారు, గాలన్నారు, అంటుకుంటుందేమో అని కూడా అన్నారు. ఆ చివరి మాటతో గుమ్మం ఖాళీ అయిపోయింది. వచ్చినవాళ్లు వాకిట్లోనే నిలబడి "ఎలగున్నాడే?" అని అడిగి పోయేవారు. బొడ్డమ్మ రోజూ గంజి తెచ్చి అరుగు మీద పెట్టి, "కన్నీ, గంజే!" అని కేకేసి వెళ్లిపోయేది. లోపలికెళ్తే ఊరుకోనని ఆమె మొగుడు గట్టిగా చెప్పాడు మరి. జోగులు మూలుగు, కన్నమ్మ మౌనం, మధ్యలో సముద్రం హోరు. ఆ ఇంట్లో ఇంకో మనిషి కూర్చుని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

అప్పుడొచ్చింది పాస్టరమ్మ. కవిటి బయట కొబ్బరిచెట్ల కింద తాటాకుల షెడ్డులో దానయ్య అనే పాస్టరు ప్రార్థనలు పెడతాడు. టెక్కలి వైపు మనిషి, బక్కపల్చటివాడు. ఆయన భార్య కన్నమ్మ దగ్గర నెత్తళ్ల చేపలు కొనేది. బేరానికి కనపడ్డం లేదేమిటా అని దారి అడుగుతూ అడుగుతూ ఇసకలో నడిచి వచ్చేసింది. వాకిట్లో ఆగలేదు. తిన్నగా లోపలికొచ్చి చాప మీద కూర్చుని, జోగులు వాచిన కాళ్లు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా నొక్కడం మొదలెట్టింది. ఆ రోజు దేవుడి మాట ఒక్కటి ఎత్తలేదు. తర్వాత ఎత్తింది, అది వేరే సంగతి. కన్నమ్మ గోడకి జారబడి ఆ చేతుల కేసి చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

మరుసటి ఏడు, అదే పెద్ద తుఫానొచ్చిన ఏడాది, వానలకి ముందే జోగులు పోయాడు. ఆ తర్వాత వచ్చిన గాలికి తోటలు పడుకుండిపోయాయి, షెడ్డు కప్పూ కన్నమ్మ ఇంటి కప్పూ ఒకే రాత్రి ఎగిరిపోయాయి. ముందు షెడ్డు కప్పడానికే సాయం వెళ్లిందామె. మరుసటి వేసవికి బాప్తిస్మం పుచ్చుకుంది. "ఎందుకే?" అని పేటలో ఎవరడిగినా ఒకటే జవాబు: "పెబువు నా ఇంట్లోకొచ్చి కూకున్నాడు." అంతకంటే ఆమెకి వేదాంతం రాదు, చదువూ రాదు. పాస్టరమ్మ ఇచ్చిన బైబిలు గుడ్డలో చుట్టి ఉట్టి మీద పెట్టుకుంది.

ఆదివారాలు కవిటి వెళ్లినంత కాలం పేట ఏమీ అనలేదు. చిక్కంతా అమ్మవారి పండగ దగ్గరొచ్చింది. వేసవి చివర, తెప్పలు మళ్లీ నీళ్లలోకి దించేముందు, ఇంటికో ఆడది పసుపునీళ్ల కుండ, అదే ముర్రాట, నెత్తిన పెట్టుకుని గుడికెళ్లాలి. కన్నమ్మ ఎత్తనంది. గొడవ పెట్టుకోలేదు, ఎవర్నీ ఒక మాట అనలేదు, ఎత్తనంది అంతే. పేట పెద్దని చెడ్డవాడంటే అబద్ధం. జోగులు పాడె ముందు కొమ్ము పట్టింది ఆయనే. కానీ ఆ ఏడు పండగైన నెలకే వలలు చిరిగాయి, చేప పల్చబడింది, జనం గుసగుసలాడారు. ఆయనకి భయమేసింది. సముద్రం మీదకి కొడుకుల్ని పంపేవాడికి భయం ఉండదా? పంచాయితీ పెట్టి, "దండుగలొద్దు, ఎలివేతలొద్దు. ఆవిడ మనతో ముర్రాట ఎత్తనంది. మనం ఆవిడ తట్ట ఎత్తొద్దు" అని తేల్చేశాడు.

వినడానికి ఎంత చిన్న శిక్ష! మర్నాడు తెల్లవారుజామున కన్నమ్మ తట్ట నింపుకుని, చుట్టకుదురు సర్దుకుని, "ఒక సెయ్యెయ్యే!" అని పిలిచింది. వలల దగ్గర వంగినవాళ్లు వంగినట్టే ఉన్నారు. పెద్ద అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొడ్డమ్మ తట్ట అప్పటికే ఆమె నెత్తి మీదుంది. వెనక్కి తిరగలేదు, అలాగే ఇసకలో నడిచి వెళ్లిపోయింది. కన్నమ్మ ఆ వీపు కేసి చూసింది. ఇంకెవరూ రాకపోయినా పరవాలేకపోయేది.

ఆ రోజు సగం చేప ఇసకలో పారబోసి, సగం తట్ట ఎత్తుకెళ్లింది. మర్నాటినుంచి నోరు విప్పితే ఒట్టు. లోలోపల పంతం రాయిలా దిగబడిపోయింది. "మళ్లీ ఈ నోటితో ఆ మాట అంటే నాను కన్నమ్మని కాదు" అనుకుంది. తనకో ఉపాయం వెతుక్కుంది. ఒడ్డుకి లాగిన తెప్ప అంచు మీదకి తట్ట ఈడ్చి, కింద గొంతుక్కూర్చుని, తల దూర్చి, మెడ నరాలు తెగేలా లేచేది. తెప్ప లేని రోజు సగం తట్టే. కవిటి దారిలో ముందు బొడ్డమ్మ, వెనక అల్లంత దూరంలో కన్నమ్మ. బొడ్డమ్మ నోటిలోంచి ఒక్క మాట రావడం లేదు. ఊఁ కొట్టేవాళ్లు లేక ఆ నోరు మూతబడిపోయిందన్న సంగతి కన్నమ్మ గమనించింది కూడా. గమనించి, "బాగా అయింది" అనుకుంది. మన కథలో ఈవిడేమీ దేవత కాదు.

షెడ్డులో అందరూ "అక్కగారూ" అనేవారు, ఆప్యాయంగా చేతులు పట్టుకునేవారు. వాళ్లంతా తోటల్లో కూలికిపోయేవాళ్లు, కొబ్బరి పీచు దంచేవాళ్లు. సముద్రం గోడు వాళ్లకి తెలీదు. ఆదివారం ఆ కాసేపు పాటల్లో గుండె తేలికపడేది. తిరుగుదారిలో ఒక్కొక్క అడుగుకీ మళ్లీ బరువెక్కేది. ఇంటికొచ్చి, గంజి కాచుకుని, గోడతో మాట్లాడుకోవడమే.

ఒక ఆదివారం దానయ్య ప్రసంగం అయ్యాక ఆమె నిలబడింది.

"అయ్యగారూ, పెబువు నాకు తోడున్నాడంటారు. ఉన్నాడు, నాను కాదన్ను. తోడున్నోడు తట్ట ఎత్తడేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. దానయ్య నవ్వలేదు. రెండు రోజులాగి, పొద్దు పొడవకుండా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో సైకిలు తోసుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

"ఎత్తుదామమ్మా" అన్నాడు.

ఎత్తడం ఆయనకి చేతనైతే కదా! తట్టని బిందెలా కౌగిలించుకున్నాడు. ఒక పక్క లేపాడు, రెండో పక్క మర్చిపోయాడు. కవళ్లన్నీ జరజరా ఆయన చొక్కా మీంచి, జేబులోంచి, ఇసకలోకి. కాకులు దిగాయి, కుక్కలు పరుగెత్తుకొచ్చాయి. ఒడ్డంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది బొడ్డమ్మ, ఎన్నాళ్లకో! నవ్వుతూ నవ్వుతూనే ఇటు ఒక అడుగు వేసింది, వేసి ఆగింది. కన్నమ్మ మొహం కేసి అదోలా చూస్తూ నిలబడింది. పెద్దకి జడిసి ఆగిందనుకుంది కన్నమ్మ. మొహం తిప్పేసుకుని, చేపలేరుకోసాగింది. పాపం దానయ్య కూడా మోకాళ్ల మీద కూర్చుని ఏరాడు. ఆ వాసన వారం దాకా చొక్కాని వదల్లేదని పాస్టరమ్మ తర్వాత చెప్పింది.

పంచాయితీ అయ్యాక మూడో పండగ దగ్గరికొచ్చింది. పేట పెద్ద గారి భార్య నూకమ్మ సాయంత్రం పూట వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఓలే కన్నమ్మా, ఒక్క ముర్రాట ఎత్తీయే. లోపల నీ పెబువునే తలుసుకో, ఎవులు సూడొచ్చారు? తెప్పలు దిగినకాడ్నించి అందరం నీ తట్టకి సెయ్యేత్తాం. మాకు మాత్రం బాగుందేటి, నువ్వలగ మెడ ఇరుసుకుంటంటే?"

ఆ మాటలో విషం లేదు. అదే కన్నమ్మని కుంగదీసింది. నూకమ్మ వెళ్లాక మూలనున్న పాత కుండ తీసి, బూజు దులిపి, కడిగింది. చంకనెత్తుకుని చూసింది. ఎంతసేపు పని! గుడికెళ్లి రావడం, అంతే, ఒంటరితనం తీరిపోతుంది. "నువ్వే సెప్పు" అంది ఉట్టి కేసి చూసి. ఉట్టి ఊగలేదు, ఏ మాటా వినపడలేదు. చాప మీద జోగులు కాళ్లు పెట్టిన చోటు కనపడింది. అక్కడ కూర్చున్న మనిషి కనపడింది. కుండ మళ్లీ మూలన బోర్లించి, "నానబద్దం ఆడలేనయ్యా" అని ఏడ్చుకుంటూ పడుకుంది.

పండగ రోజు డప్పులు మోగుతున్నాయి. కన్నమ్మ తలుపు చేరేసుకుని లోపల కూర్చుంది. మధ్యగోడకి అవతల బొడ్డమ్మ వాకిట్లో ముర్రాట సిద్ధంగా ఉంది. ఆ కుండకి పరాయి ఇంటి చెయ్యి పనికిరాదు. ఆ ఇంటి ఆడదే చెయ్యేసి నెత్తికెత్తించాలి. పోయినేటి దాకా బొడ్డమ్మకి కూతురు చెయ్యేసేది. కూతురు పెళ్లయి అత్తారింటికి బారువ వెళ్లిపోయింది, నెలలు నిండి ఈ పండక్కి రాలేదు. ఇక చెయ్యెయ్యడానికి ఆ ఇంటి కోడలంటూ మిగిలింది ఒక్కర్తే, ఈ గోడకి ఇవతల. ఊరేగింపు వచ్చి వాకిలి ముందు ఆగింది. డప్పులు ఆగాయి. బొడ్డమ్మ కుండని రొమ్ముల దాకా లేపిన సంగతి కన్నమ్మకి గోడవతలనుంచే తెలిసింది. ఆ ఊపిరి చప్పుడు ఆమెకి తెలియందా! కుండ మళ్లీ కింద పెట్టిన చప్పుడు. జనంలో గొణుగుడు.

అప్పుడు బొడ్డమ్మ పిలిచింది. పేటంత నోటితో, పెద్ద ముందు, అందరి ముందు.

"కన్నీ! ఒక సెయ్యెయ్యే!"

కన్నమ్మ తలుపు కేసి చూసింది. విగ్రహాల జోలికి పోవద్దని దానయ్య చెప్పింది గుర్తుంది. వెళ్తే షెడ్డులో ఏమంటారు? పెబువు ఏమంటాడు? ఉన్న ఒక్క తోడూ పోతుందేమో! ఇంకోపక్క ఆ వీపు గుర్తుంది. పిలిచినా తిరగకుండా వెళ్లిపోయిన ఆ వీపు. కూర్చుని ఉంటే ఎవరూ తప్పనరు కూడా.

కానీ పిలిచింది కదా. పిలిచాక రాకపోతే ఎలా ఉంటుందో ఈ భూమ్మీద కన్నమ్మకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? లేచి తలుపు తీసింది. జనం దారిచ్చారు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి, వంగి, కుండ అడుగున ఒక చెయ్యీ మెడ దగ్గర ఒక చెయ్యీ వేసి, బొడ్డమ్మతో పాటు లేపింది. చుక్క నీళ్లు తొణకలేదు. చేతులు ఏదీ మర్చిపోలేదు.

"ఆవిడ అమ్మోరికి ఎత్తిందిరా!" అన్నారెవరో.

"అమ్మోరికి కాదు. మా అప్పకి ఎత్తినాను" అని కన్నమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది. ముర్రాట నెత్తికెక్కాక గుడి దాకా నోరు మెదపకూడదు. బొడ్డమ్మ మెదపలేదు. చెంపల మీంచి కారేది మాత్రం పసుపునీళ్లు కాదు.

ఆ వారమంతా తెప్పలు దించరు. ఆదివారం వచ్చింది. కబురు కన్నమ్మ కంటే ముందే షెడ్డుకి చేరిపోయింది. దాచుకునే మనిషి కాదు కనక ఆమే నిలబడి జరిగిందంతా చెప్పింది. ముందు వరసలోని ఒక ముసలాయన మొహం చిట్లించి, ఈవిణ్ని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకూడదన్నాడు. ఒకరిద్దరు తలలూపారు. ఇదీ పోతుందన్న మాట, అనుకుంది కన్నమ్మ.

దానయ్య ఆమె కేసి తిరిగి అడిగాడు.

"ఆ కుండ ఎంత బరువుంటుందమ్మా?"

"తట్టంత ఉంటదయ్యా."

"తట్ట బరువు నాకు తెలుసు" అన్నాడు దానయ్య. "రా అమ్మా, బల్ల దగ్గరికి రా."

ముసలాయన ఆ రోజు లేచి వెళ్లిపోయాడు. తర్వాత కూడా చాన్నాళ్లు కన్నమ్మ వైపు చూడలేదు. అన్నీ అందరితో సర్దుబాటు కావు కదా.

సోమవారం తెప్పలు నిండుగా వచ్చాయి. కన్నమ్మ తట్ట నింపుకుని, అలవాటు ప్రకారం తెప్ప అంచు మీదకి ఈడవబోయింది. ఎదురుగా బొడ్డమ్మ. నడుం మీద చేతులేసుకుని నిలబడింది. కొంచెం అవతల పెద్ద, ఆయన పక్కన నూకమ్మ. పెద్ద ఈసారి సముద్రం కేసి తిరిగి ఏదో చూస్తున్నట్టు నిలబడ్డాడు.

బొడ్డమ్మ తట్ట ముట్టుకోలేదు. ఊరికే నిలబడింది.

"ఏటే అలగ సూత్తన్నావు?" అంది కన్నమ్మ.

"నువ్వు పిలుత్తావేమోనని సూత్తన్నాను. మూడేళ్ల బట్టీ సూత్తన్నాను."

"పిలిసినాను! పిలిత్తే ఎనక్కి తిరిగినావేటి?"

"తిరగలేదు" అంది బొడ్డమ్మ. "ఆ ఒక్కరోజూ జడిసిపోనాను. పెద్ద ఎదురుగున్నాడు, నా గుండె జారిపోనాది. ఆ తప్పు నాదే, సచ్చేదాకా నాదే. ఇంటికెల్లి అన్నం ముట్టలేదే నాను. రేపు పిలవనీ, పెద్ద లేదు గిద్ద లేదు, ఎల్లి ఎత్తేత్తాను అనుకున్నాను. నువ్వు పిలిత్తే కదా! ఎప్పుడూ అదే తెప్ప, అదే మెడ. పిలవని సెయ్యి ఎలగెయ్యనే? నీ బేరం సెడగొట్టనా? ఆ పాస్టరు సేపలు ఒలకబోసిన నాడు కూడా ఒచ్చినాను, నువ్వు మొకం తిప్పేసినావు."

కన్నమ్మ తట్ట అంచు వదిలేసింది. మూడేళ్లు! అల్లంత దూరంలో ముందు నడిచిన ఆ వీపు తన పిలుపు కోసం చెవులొగ్గి నడిచిందా? షెడ్డులో పెబువుని నిలదీసింది, గోడతో పోట్లాడింది, ఒక్క మాట, తనకి మొట్టమొదట నేర్పిన మాట, అది మాత్రం అనలేదు. తన మీద తనకే ఎక్కడలేని కోపం, ఎక్కడలేని జాలీ వచ్చాయి.

"ఇప్పుడైనా పిలుత్తావా, సేపలు కుళ్లిపోనిత్తావా?" అంది బొడ్డమ్మ. ఇంకా ముట్టుకోలేదు.

నోరు తెరిస్తే మొదట గాలే వచ్చింది. తుప్పు పట్టిన గొళ్లెం తీసినట్టయింది. మూడోసారికి వచ్చింది మాట.

"ఒక సెయ్యెయ్యే, అప్పా!"

తట్ట నెత్తికెక్కింది. ఆ బరువుతోనే కన్నమ్మ మోకాళ్లు వంచి, ఒంటి చేత్తో బొడ్డమ్మ తట్టకీ సాయం పట్టింది. ఒడ్డున ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇద్దరూ జీడితోటల దారి పట్టారు. బొడ్డమ్మ వెనకాల, మూడేళ్ల కబుర్లూ ఎక్కడ మొదలెట్టాలో తెలియక సతమతమవుతోంది. ముందు నడుస్తున్న కన్నమ్మ ఎవరితోనో గొణుగుతోంది.

"తోడున్నావని సెప్పినావు గానీ, ముందు నోరిప్పి పిలవమని ఒక్కమాట సెప్పొచ్చు కదయ్యా. నా మెడ సూడు, ఎలగైపోనాదో..."

"ఎవుల్తోనే మాటలు?" అంది బొడ్డమ్మ.

"పెబువుతోటి."

బొడ్డమ్మ నాలుగడుగులు ఆలోచించింది.

"నానడిగినానని సెప్పు" అంది.

"ఊఁ" అంది కన్నమ్మ.